పికార్డ్ రివ్యూ: స్కాన్ బటన్ నొక్కే ముందు చదవండి

ఏళ్ల తరబడి పాటలు పోగేసుకున్న ఎవరి హార్డ్ డిస్క్ తెరిచినా కనిపించేది ఒకటే. 'ట్రాక్ 01', 'ట్రాక్ 02' అని పేర్లు. ఒకే గాయకుడు మూడు స్పెల్లింగుల్లో. ఒక్క ఆల్బమ్‌లోని పన్నెండు పాటలు ఫోన్ ప్లేయర్‌లోకి వెళ్లేసరికి నాలుగు ఆల్బమ్‌లుగా చీలి ఉంటాయి, అందులో రెండింటికి అట్ట బొమ్మే ఉండదు. ఈ గందరగోళాన్ని సర్దడానికి దొరికే ఉచిత సాఫ్ట్‌వేర్లలో మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అంత పనిమంతురాలు ఇంకోటి లేదు. తిట్లు కూడా అంతే తింటుంది. ఆ తిట్లు చాలావరకు ఒకే పొరపాటు వల్ల వస్తాయి. జనం దీన్ని విడిపాటలు గుర్తుపట్టే యంత్రం అనుకుని మొదలుపెడతారు. దీని బుర్రంతా ఆల్బమ్ చుట్టూ తిరుగుతుంది.

పికార్డ్‌ను నడిపేది మెటాబ్రెయిన్జ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు, సోర్స్ కోడ్ జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ తెరిచే ఉంటుంది. పేరు స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల సీరియల్లోని కెప్టెన్‌ది. ఎంపీ3, ఫ్లాక్, ఎం4ఏ, ఓగ్, ఓపస్, డబ్ల్యూఎంఏ లాంటి వాడుకలో ఉన్న ఫార్మాట్లన్నీ చదువుతుంది. పాట ధ్వనిని ముట్టుకోదు. ఫైలుకు అంటించిన చీటీని, అంటే ట్యాగ్‌ను మాత్రమే మారుస్తుంది. ఫ్లాక్ ఫైల్లో దాగి ఉండే ఎండీ5 అనే సరిచూసే సంఖ్య ఆడియో మీద లెక్కగట్టింది కాబట్టి ట్యాగ్ ఎన్నిసార్లు మార్చినా అది మారదు. నాణ్యత తగ్గుతుందేమో అన్న బెంగ పెట్టుకోనక్కర్లేదు.

సమాచారమంతా మ్యూజిక్‌బ్రెయిన్జ్ డేటాబేస్ నుంచి వస్తుంది. వికీపీడియాలాగే దీన్నీ వాడేవాళ్లే రాస్తారు, వాళ్లే దిద్దుతారు. ఇక్కడ ఒక్క మాట వంటబట్టాలి: రిలీజ్. మనం మామూలుగా 'ఆ ఆల్బమ్' అనేది వాళ్ల లెక్కలో రిలీజ్ గ్రూప్. దాని కింద మొదట వచ్చిన ఎల్పీ ఒక రిలీజ్, చాలా ఏళ్లకు వచ్చిన సీడీ ఇంకో రిలీజ్, రెండు బోనస్ పాటలు తగిలించి మళ్లీ వేసిన సీడీ మరొకటి, డిజిటల్‌గా అమ్మకానికి పెట్టింది వేరొకటి. ప్రతిదానికీ సొంత గుర్తింపు సంఖ్య, సొంత తేదీ, సొంత అట్ట, సొంత పాటల వరస. పికార్డ్ చేసే పనల్లా మీ దగ్గరున్న ఒక్కో ఫైలునూ ఇలాంటి ఏదో ఒక రిలీజ్‌లోని ట్రాక్‌కు ముడివేయడం. ముడి సరైన చోట పడితే పేరు, వరస సంఖ్య, సంవత్సరం, అట్ట అన్నీ దాని వెంటే వచ్చేస్తాయి. తప్పు చోట పడితే తప్పులు కూడా అంతే శ్రద్ధగా రాసిపెడుతుంది.

తెర రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమవైపు మీ ఫైళ్లు, కుడివైపు డేటాబేస్ నుంచి దిగిన ఆల్బమ్‌లు, కింద ఒక పట్టిక. ఎంచుకున్న పాటకు ఇప్పుడున్న ట్యాగ్ ఏమిటో, సేవ్ చేస్తే ఏమవుతుందో ఆ పట్టికలో పక్కపక్కనే కనిపిస్తుంది. కొత్తగా చేరేవి, మారేవి, పోయేవి వేర్వేరు రంగుల్లో ఉంటాయి. పికార్డ్‌లో అన్నిటికన్నా విలువైన చోటు ఈ పట్టికే, కొత్తవాళ్లు అసలు చూడనిదీ ఇదే.

ఫోల్డర్ లాగి పడేయగానే చెయ్యి స్కాన్ బటన్ మీదకే పోతుంది. పేరు చూస్తే అదే నొక్కాలనిపిస్తుంది మరి. స్కాన్ పాటలోని మొదటి రెండు నిమిషాల ధ్వని నుంచి ఒక వేలిముద్ర తీసి, అకౌస్ట్‌ఐడీ అనే సర్వీసుకు పంపి, ఇది ఏ రికార్డింగో అడుగుతుంది. జవాబు తరచుగా సరిగ్గానే వస్తుంది. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. అదే రికార్డింగ్ అసలు ఆల్బమ్‌లో ఉంటుంది, పది హిట్స్ సంకలనాల్లో ఉంటుంది, బాక్స్ సెట్‌లో ఉంటుంది. రీమాస్టర్ చేసిన, అంటే ధ్వనిని మెరుగుపరిచి మళ్లీ వేసిన కాపీకీ పాతదానికీ వేలిముద్ర దాదాపు ఒకటే కావడంతో వాటి మధ్య తేడా కూడా దానికి తెలియదు. ఫలితం: పన్నెండు పాటల ఆల్బమ్ ఒకటి ఇస్తే కుడివైపు ఏడు ఆల్బమ్‌లు తెరుచుకుంటాయి, ఒక్కోదాంట్లో ఒకటో రెండో పాటలు. ఆ స్థితిలో సేవ్ నొక్కినవాళ్లే ఆ తర్వాత 'పికార్డ్ నా లైబ్రరీని నాశనం చేసింది' అని రాస్తుంటారు.

సరైన వరస వేరు. ముందు ఫోల్డర్ తెచ్చి వేయాలి. ఒక్కసారి మొత్తం లైబ్రరీ వద్దు, ఇరవై ముప్పై ఆల్బమ్‌లు చాలు. తర్వాత క్లస్టర్ నొక్కాలి. ఉన్న ట్యాగ్‌లనూ ఫోల్డర్ పేర్లనూ చూసి పాటలను ఆల్బమ్ గుంపులుగా కడుతుంది. ఇప్పుడు ఆ గుంపును ఎంచుకుని లుకప్. విడి పాటలను ఎంచుకుని లుకప్ చేస్తే మళ్లీ పాటకో ఆల్బమ్ వస్తుంది, గుంపు పేరు మీదే నొక్కాలి. గుంపుగా అడిగినప్పుడు ఆల్బమ్ పేరు, కళాకారుడు, పాటల సంఖ్య అన్నీ కలిపి వెతుకుతుంది కాబట్టి గుంపంతా ఒకే చోటికి చేరుతుంది. లుకప్‌కు దొరకనివాటికి మాత్రమే స్కాన్. పేరూ ఊరూ లేని ఫైళ్లకు ఆ వేలిముద్ర నిజంగానే దేవుడిలాంటిది, కాకపోతే దాని వంతు చివర్లో రావాలి.

లుకప్ తప్పు ఎడిషన్ తెచ్చిందనుకోండి. ఆల్బమ్ పేరు మీద కుడి క్లిక్ చేస్తే 'అదర్ వెర్షన్స్' అని జాబితా వస్తుంది. తేదీ, దేశం, లేబుల్, ట్రాక్‌ల సంఖ్య చూసి మీది ఎంచుకోవడమే. అక్కడా లేకపోతే 'లుకప్ ఇన్ బ్రౌజర్' నొక్కితే మ్యూజిక్‌బ్రెయిన్జ్ వెబ్‌సైట్ తెరుచుకుంటుంది. అలా తెరిచినప్పుడు ప్రతి రిలీజ్ పక్కన చిన్న ఆకుపచ్చ 'ట్యాగర్' గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఆ రిలీజ్ నేరుగా పికార్డ్ కుడివైపు వచ్చి కూర్చుంటుంది. ఎడమవైపు గుంపును దాని మీదకు లాగి వదలాలి. ఆకుపచ్చ గుర్తు సంగతి తెలియక ఎంతమంది పేర్లన్నీ చేత్తో టైప్ చేసుకుంటారో! సీడీ చేతిలో ఉన్నవాళ్లకు ఇంకా సులువు. వెనక అట్ట మీది బార్‌కోడ్‌తోనో కేటలాగ్ నంబర్‌తోనో వెతికితే అనుమానానికి తావుండదు. డిస్క్‌ను డ్రైవ్‌లో పెట్టి 'లుకప్ సీడీ' నొక్కినా సరే. ట్రాక్‌లు డిస్క్ మీద ఎక్కడెక్కడ మొదలవుతాయో ఆ కొలతలతో వెతుకుతుంది. ఒకే ఆల్బమ్ వేరే ముద్రణలో ఆ కొలతలు కొంచెం మారవచ్చు కాబట్టి కొన్నిసార్లు ఏమీ దొరకదు, దానికి డిస్క్ పాడైందని అర్థం కాదు.

ఒక ఆల్బమ్‌ను దగ్గరగా చూద్దాం. మీ ఫోల్డర్లో పన్నెండు ఫైళ్లు. లుకప్ తర్వాత కుడివైపు ఆల్బమ్ పేరు పక్కన వెండి డిస్క్ గుర్తు, పద్నాలుగు వరసలు, చివరి రెండు ఖాళీ. బోనస్ పాటల ఎడిషన్ దిగిందన్నమాట. అదర్ వెర్షన్స్‌లో పన్నెండు ట్రాక్‌ల రిలీజ్ ఎంచుకోగానే వరసలన్నీ నిండి డిస్క్ గుర్తు బంగారు రంగుకు మారుతుంది. అయినా తొందరపడకండి. ప్రతి పాట ముందూ చిన్న చతురస్రం ఉంటుంది, పోలిక బాగా కుదిరితే ఆకుపచ్చ, కుదరకపోతే ఎరుపు వైపు. ఏడో పాట నారింజ రంగులో ఉందనుకుందాం. దాన్ని ఎంచుకుని కింద పట్టికలో నిడివి చూడండి. మీ ఫైలు 5:20, డేటాబేస్‌లో 3:48. రెండు మూడు సెకన్ల తేడా పాటల మధ్య నిశ్శబ్దం వల్ల వస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. నిమిషంన్నర తేడా ఉందంటే మీ దగ్గరున్నది లైవ్ రికార్డింగో పొడవాటి మిక్సో అయి ఉండాలి, ఎవరో ఫోల్డర్లో కలిపేశారు. దాన్ని ఎడమవైపుకు లాగేసి, స్కాన్‌కు ఇప్పుడు పని చెప్పాలి. మిగతా పదకొండూ సేవ్ చేస్తే పాట పక్కన టిక్ మార్కు పడుతుంది.

సేవ్ చేశాక అన్‌డూ లేదు. ఇది పికార్డ్‌లో అతి పెద్ద లోటు, ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్‌లో క్షమించరానిది కూడా. అందుకే మొదటి వారం అసలు లైబ్రరీ మీద కాకుండా కాపీ మీద నడపండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఆప్షన్స్ పేజీలు చూస్తే కళ్లు తిరుగుతాయి. అన్నీ తెలుసుకోనక్కర్లేదు గానీ కొన్ని మాత్రం మొదటి రోజే చూసుకోవాలి. 'క్లియర్ ఎగ్జిస్టింగ్ ట్యాగ్స్' అనేదానికి టిక్ పెడితే పికార్డ్‌కు తెలియనివన్నీ పోతాయి. మీరు రాసుకున్న వ్యాఖ్యలు, ఎక్కించుకున్న సాహిత్యం అన్నీ గల్లంతు. టిక్ లేకపోతే ఎక్కడో డౌన్‌లోడ్ సైట్ ఇరికించిన చెత్త అలాగే మిగులుతుంది. మధ్యే మార్గం ఆ పక్కనే ఉంది. చెరపకూడని ట్యాగ్‌ల పేర్లు ఇచ్చే పెట్టె అది, దాన్ని ముందు నింపుకుని తర్వాతే టిక్ పెట్టండి.

ఫైళ్ల పేర్లు మార్చడం, వేరే ఫోల్డర్లోకి తరలించడం అనే రెండు పనులను కావాలంటేనే ఆన్ చేసుకోవాలి. ఆల్బమ్ కళాకారుడి పేరుతో ఫోల్డర్, దానిలో ఆల్బమ్ పేరుతో ఫోల్డర్, ఫైలు పేరుకు ముందు రెండంకెల ట్రాక్ నంబర్ అనే పద్ధతి ఎక్కువమందికి సరిపోతుంది. రెండు డిస్కుల ఆల్బమ్ అయితే ముందు డిస్క్ నంబర్ కూడా పెట్టించాలి, లేకపోతే రెండు 01లు, రెండు 02లు కలగలిసి పాటల వరస చెడుతుంది. తరలింపు గురించి ఒక హెచ్చరిక: మీ ప్లేలిస్టులు ఫైలు ఉన్న చిరునామానే గుర్తుపెట్టుకుంటాయి. ఫైలు కదిలిందా, ప్లేలిస్టు గుడ్డిదైపోతుంది. కొన్ని ప్లేయర్లలో ఎన్నిసార్లు విన్నామన్న లెక్కలు కూడా పోతాయి. ముందు సర్దుకోండి, ప్లేలిస్టులు తర్వాత కట్టుకోండి.

అట్ట బొమ్మలు కవర్ ఆర్ట్ ఆర్కైవ్ నుంచి వస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌తో కలిసి మ్యూజిక్‌బ్రెయిన్జ్ నడిపే భండారం ఇది. సైజు 250, 500, 1200 పిక్సెళ్లు, లేదా అసలు సైజు. అసలు సైజు చూసి ఆశపడొద్దు. 5 ఎంబీ స్కాన్‌ను పన్నెండు పాటల్లోనూ పొదిగితే ఒక్క అట్టకే 60 ఎంబీ పోతుంది, పైగా పాత ప్లేయర్లు అంత బొమ్మను చూపించడానికి మొరాయిస్తాయి. పాటల్లో పొదగడానికి 500 చాలు. పెద్ద బొమ్మ కావాలనుకుంటే ఫోల్డర్లో విడి ఫైలుగా ఒక్కటి దాచుకోవచ్చు, అప్పుడు ఇంతకు ముందు పొదిగిన దానిని ముట్టుకోనవసరం కూడా లేదు.

సంవత్సరం విషయంలో చాలామంది దెబ్బతింటారు. మీరు ముడివేసింది 1998లో మళ్లీ వేసిన సీడీకి అయితే, 1973 నాటి ఆల్బమ్ అయినా తేదీ గడిలో 1998 అనే రాస్తుంది. తప్పేమీ కాదు, ఆ రిలీజ్ తేదీ అదే. మొదటిసారి వచ్చిన సంవత్సరాన్ని వేరే ట్యాగ్‌లో రాస్తుంది గానీ చాలా ప్లేయర్లు దానివైపు చూడవు. కాలక్రమంలో వినే అలవాటున్నవాళ్లు స్క్రిప్టింగ్ పేజీలో ఒక్క వరస రాసి, అసలు తేదీనే తేదీ గడిలోకి తెప్పించుకోవచ్చు.

తెలుగు లిపిలో పేర్లు ఉంచుకునేవాళ్లకు మూడు గుంటలున్నాయి. మొదటిది ఎంపీ3 ట్యాగ్‌ల వెర్షన్. పికార్డ్ మామూలుగా ఐడీ3 అనే ట్యాగ్ పద్ధతిలోని వీ2.4లో, అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8 కోడింగ్‌తో రాస్తుంది, తెలుగు చక్కగా ఉంటుంది. పాత కారు ప్లేయర్ దాన్ని చదవకపోతే వీ2.3కి మార్చుకోవాలి. అందులో యూటీఎఫ్-8 ఉండదు, యూటీఎఫ్-16 ఎంచుకోవాలి. పశ్చిమ యూరప్ అక్షరాలే పట్టే ఐఎస్ఓ-8859-1 ఎంచుకున్నారో, అక్షరానికో ప్రశ్నార్థకం మిగులుతుంది. సేవ్ అయ్యాక వెనక్కి రాదు. రెండోది ఫైలు పేర్లలో 'రీప్లేస్ నాన్-ఆస్కీ క్యారెక్టర్స్' అనే టిక్ (ఆస్కీ అంటే మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులే). యూరప్ భాషల అక్షరాల మీది గీతలూ చుక్కలూ తీసేయడానికి పెట్టారు దాన్ని. తెలుగు పేరు మీద పడితే మొత్తం అండర్‌స్కోర్‌లే. మూడోది పొడవు. లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 డిస్కులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు. 'క్షి' చూడ్డానికి ఒక్క అక్షరమే, లోపల క, పొల్లు, ష, గుడి కలిపి నాలుగు కోడ్‌లు, 12 బైట్లు. అంటే పేరు మొత్తానికి 85 కోడ్‌లే. పాట పేరు వెనక గాయకుల పేర్లన్నీ చేర్చే అలవాటుంటే ఇట్టే దాటిపోతుంది. పాట పేరు, నంబర్ వరకే ఉంచండి, గాయకులు ట్యాగ్‌లో ఉంటారుగా.

చిన్నాచితకా చిరాకులు ఇంకొన్ని. అతిథి గాయకుల పేర్లను మ్యూజిక్‌బ్రెయిన్జ్ పాట పేరులోంచి తీసి కళాకారుల గడిలో పెడుతుంది. పద్ధతి మంచిదే గానీ, ప్లేయర్ కళాకారుడి పేరుతో జాబితా కట్టే రకమైతే ఒక్కడే పదిమందిగా కనిపిస్తాడు. ప్లేయర్‌ను ఆల్బమ్ ఆర్టిస్ట్ ప్రకారం చూపించమంటే తీరిపోతుంది. ఇంగ్లిష్ పేర్లలో అపాస్ట్రఫీలు వంకర తిరిగినవి వాడుతుంది, ఫోన్ కీబోర్డ్‌తో వెతికితే కొన్ని ప్లేయర్లకు అవి దొరకవు. విరామ చిహ్నాలను ఆస్కీకి మార్చే టిక్ మెటాడేటా పేజీలో ఉంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కళాకారుడి గడిలో స్వరకర్త పేరు వస్తుంది, వాయించినవాళ్ల కోసం వెతుక్కోవాలి. ఆ సంగీతం ఎక్కువగా వినేవాళ్లకు దీనికోసమే ఒక ప్లగిన్, అంటే పికార్డ్‌కు తగిలించుకునే అదనపు ముక్క ఉంది, దాన్ని నేర్చుకోవడం మాత్రం విడిగా ఒక చదువు.

వేగం గురించి ఫిర్యాదు చేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. సర్వర్ సెకనుకు ఒక ప్రశ్నకే జవాబిస్తుంది, ఆ నియమాన్ని పికార్డ్ తనంతట తానే పాటిస్తుంది. మూడొందల ఆల్బమ్‌లు పడేస్తే అట్టలు కాక సమాచారానికే కనీసం ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోగా కంగారుపడి బటన్లన్నీ నొక్కితే వరస ఇంకా పొడుగవుతుంది. ఒకసారి సేవ్ అయిన ఫైలులో రిలీజ్ గుర్తింపు సంఖ్య ఉండిపోతుంది కాబట్టి, మరోసారి తెరిచినప్పుడు క్లస్టర్, లుకప్ ఏమీ లేకుండా నేరుగా తన ఆల్బమ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది.

అందరికీ పికార్డే కావాలా అంటే, అక్కర్లేదు. పది ఫైళ్లలో స్పెల్లింగ్ దిద్దడానికి దీన్ని తెరవడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. దానికి ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్ హాయి. ఎక్సెల్ పట్టికలా ఉంటుంది, మీరు రాసిందే రాస్తుంది, తెలివి చూపించదు. బటన్లు కాకుండా ఆదేశాలు టైప్ చేసే కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు బీట్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ మ్యూజిక్‌బ్రెయిన్జ్ సమాచారమే వాడుతుంది, వేల ఆల్బమ్‌లను నియమాల ప్రకారం సర్దడంలో పికార్డ్‌కు తీసిపోదు. ఎక్కడెక్కడినుంచో వచ్చిన విడిపాటల కుప్ప మాత్రమే ఉన్నవాళ్లకు పికార్డ్ తలనొప్పే. ఏ పాటను ఏ ఆల్బమ్‌లో పెట్టాలో వాళ్లకే తెలియనప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది? సీడీలు రిప్ చేసుకున్నవాళ్లకు, అంటే కంప్యూటర్‌లోకి ఫైళ్లుగా ఎక్కించుకున్నవాళ్లకు, ఆల్బమ్‌లు పూర్తిగా కొని దాచుకునేవాళ్లకు కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

పంచుకునేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఖాతా తెరిచి కలెక్షన్ ఒకటి పెట్టుకుంటే, పికార్డ్‌లో ఆల్బమ్ మీద కుడి క్లిక్ చేసి దాన్ని అందులోకి చేర్చవచ్చు. ఆ కలెక్షన్‌ను బహిరంగంగా ఉంచి లింకు పంపితే మీ దగ్గర ఏమున్నాయో స్నేహితులు చూసుకోవచ్చు. 'ఆ ఆల్బమ్ విను' అని పేరు చెబితే అవతలివాళ్లు ఏ రీమాస్టర్ వింటారో తెలియదు. రిలీజ్ లింకు పంపితే మీరు చెప్పిన ముద్రణ ఏదో తేలిపోతుంది.

ఇక డేటాబేస్‌లో అసలే లేని ఆల్బమ్‌ల సంగతి. పెద్దగా పేరు రాని సంగీతం, పాత క్యాసెట్లు వినేవాళ్లకు ఇవి తరచుగా తగులుతాయి. ఎడమవైపు గుంపులో పాటల పేర్లు, వరస సరిగ్గా దిద్దుకుని, 'యాడ్ క్లస్టర్ యాజ్ రిలీజ్' అనే ప్లగిన్ వేసుకుంటే, ఆ వివరాలన్నీ నింపిన ఫారం బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. వెనక అట్ట దగ్గర పెట్టుకుని లేబుల్, కేటలాగ్ నంబర్, తేదీ నింపాలి. అట్ట మీద లేనిది ఊహించి రాయకూడదు. కొత్త రిలీజ్ వెంటనే చేరిపోతుంది. ఉన్నదాన్ని మార్చే దిద్దుబాట్లు కొన్ని మాత్రం ఏడు రోజులు మిగతా సభ్యుల ఓటుకు ఉంటాయి. చేర్చాక ఆ పేజీలోనే ఆకుపచ్చ ట్యాగర్ గుర్తు నొక్కి, గుంపును లాగి వదిలితే పాటలు వరసగా సర్దుకుని డిస్క్ గుర్తు బంగారు రంగుకు తిరుగుతుంది.